బీరువాకు పట్టని తాళాలు

పెళ్లయి నారాయణఖేడ్‌కు వచ్చిన మర్నాడే మా అత్త ఇనుప తాళంచెవుల గుత్తి ఒకటి తెచ్చి నా నడుముకు దోపింది. ఇంటి పెత్తనం నాకిచ్చేసిందనుకున్నాను. కంగ్టి దగ్గర పల్లెలో పుట్టినదాన్ని, నోరెక్కువని పేరు మోసినదాన్ని, ఇంత తొందరగా గద్దె దొరికిందే అని తెగ మురిశాను. అత్త చర్చికి పోగానే ఒక్కో చెవినీ బీరువాకు పెట్టి తిప్పాను. ఒక్కటీ పట్టలేదు. ట్రంకు పెట్టెకూ పట్టలేదు.

ఆ గుత్తి దేనికో కొద్దిరోజులకే తెలిసింది. ఒక పొద్దున నా భర్త జొన్నరొట్టె తింటూ తింటూ పక్కకు ఒరిగిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ. నేను కొయ్యబారిపోతే, అత్త పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి తాళాలు చేతిలో పెట్టమని అరిచింది. ఇనుము పట్టుకుంటే ఫిట్స్ దిగుతాయని మా వైపు నమ్మకం. ప్రార్థన యేసయ్యకు, ఇనుము ఫిట్స్‌కు. అత్త దేన్నీ వదిలిపెట్టే మనిషి కాదు.

చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బట. పెళ్లి చేస్తే పోతుందని ఎవరో అన్నారట, నాకు చెప్పకుండా చేసేశారు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదన్న సామెత మా ఇంట్లో అచ్చంగా నడిచింది. నాకు ఒళ్లు మండిపోయింది. బట్టలు సర్దుకుని పుట్టింటికి పోయే ఆటో ఎక్కి కూర్చున్నాను. ఆయన నింపాదిగా వచ్చి ఆటో పక్కన నిలబడి, "పోతే పో. నువ్వడిగిన పాటలు నింపిన, గా క్యాసెట్ తీస్కపో" అన్నాడు. బస్టాండు దగ్గర ఆయనకు చిన్న క్యాసెట్ల దుకాణం ఉండేది. కర్ణాటక సరిహద్దు పల్లెదాన్నని కన్నడ పాటలు కూడా కలిపి ఎక్కించాడు. తీరా మా పుట్టింట్లో టేపురికార్డరు లేదు. దిగి ఇంటికొచ్చాను.

ఆ దుకాణమంటే నాకు ఇప్పటికీ ప్రాణం. సిర్గాపూర్ వైపు పోయేవాళ్లు ఆటో నిండేదాకా దాని ముందే కూర్చుని పాటలు వినేవాళ్లు. నేను సద్ది తీసుకుపోతే, అందరిముందూ నా నడకకు తగ్గ పాట పెట్టి ఏడిపించేవాడు. కోపం నటిస్తూనే పాట అయ్యేదాకా నిలబడేదాన్ని.

ఫిట్స్ సంగతి సర్దుకున్నాను. సర్దుకోలేనిది వేరే ఉంది. పగలంతా అంత ఆటపట్టించే మనిషి, గదిలోకి రాగానే గోడవైపు తిరిగి పడుకునేవాడు. బోరింగు దగ్గర ఆడవాళ్లు ఏమన్నా విశేషమా అని అడిగితే, తప్పంతా నాదే అన్నట్టు అత్త నా వంక చూసేది. నేను నచ్చలేదేమోనని చాటుగా ఏడ్చేదాన్ని. ఒక ఆదివారం మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగేశాను. ఆయన ఫిట్స్‌కు రోజూ మింగే మాత్రల అట్ట తీసి నా ముందు పెట్టాడు.

"నువ్వు గాదు" అన్నాడు. "గీ గోలీలు ఫిట్స్ నొక్కటే ఆపుతలేవు, నన్ను సుత ఆపుతున్నయ్. మనసైతది గాని పెయ్యి మాట ఇంటలేదు."

ఒళ్లు మాట వినకపోతే డాక్టరుకు చెప్పమన్నాను. మగవాడు చెప్పుకునే మాటేనా అది అని లేచి వెళ్లిపోయాడు.

తర్వాత కొన్నాళ్లకు ఆయన మారిపోయాడు. ఎప్పుడూ ఉండే మత్తు వదిలింది, మొహంలో కళ వచ్చింది, గోడవైపు తిరగడం మానేశాడు. నా కాపురం ఆ వానాకాలంలోనే మొదలైందని చెప్పాలి. అత్త చర్చిలో అందరికీ చెప్పుకుంది, పెళ్లయితే పోతుందని తను ముందే అన్నానని. నేనూ నమ్మాను. అంత సంతోషంలో ఎందుకని ఎవరడుగుతారు?

గోలీలు మింగడం ఆయన గుట్టుగా మానేశాడని, దుకాణంలో పడిపోయిన రోజు తెలిసింది. ఒక ఫిట్ తగ్గకముందే ఇంకొకటి. గుప్పిట్లో గుత్తి పెడితే ఎగిరి రోడ్డు మీద పడింది. ఎవరిదో జీపులో హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. బతుకుతాడో లేదో తెలియదు. దారి పొడుగునా అత్త ప్రార్థన చేస్తూనే ఉంది.

బతికాడు. తెలివి వచ్చాక డాక్టరు, మందులు ఎందుకు ఆపావని గట్టిగా అడిగాడు. మర్చిపోయానన్నాడు ఈయన. ఈసారి కూడా దాస్తే, మళ్లీ మానేస్తాడు, మళ్లీ పడతాడు, ఆ పడడం ఆఖరిదవుతుంది. నాకు అది కళ్లకు కట్టినట్టు కనబడింది.

"మర్వలేదు సార్" అన్నాను. "గోలీలు ఏసుకుంటే నా దగ్గరికి వస్తలేడు. అందుకే బంద్ జేసిండు."

అత్త కొంగుతో మొహం కప్పుకుంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. డాక్టరు మాత్రం నవ్వలేదు. ఈ జబ్బున్న మగవాళ్లలో చాలామందికి ఈ బాధ ఉంటుందన్నాడు. కొందరికి జబ్బు వల్ల, కొందరికి మందు వల్ల, కొందరికి ఉత్త దిగులు వల్లనే. మందు మెల్లగా మార్చవచ్చు, సొంతంగా ఆపడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే అన్నాడు. ఫిట్ వస్తే ఇనుము వద్దు, పక్కకు తిప్పి పడుకోబెడితే చాలని చూపించాడు.

ఇంటికొచ్చాక అత్త నాతో మాట్లాడడం మానేసింది. కొడుకు పరువు పరాయివాళ్ల ముందు తీశానని ఆమె కోపం. ఆయన కూడా చాన్నాళ్లు నా మొహం చూడలేకపోయాడు. కొత్త మందు ఒంటికి పట్టడానికి నెలలు పట్టింది. పాత బాధ పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను, కానీ గోడవైపు తిరిగినా నా చెయ్యి పట్టుకుని తిరిగేవాడు. క్యాసెట్లు పోయి, దుకాణంలో సెల్‌ఫోన్లకు పాటలు ఎక్కించే కాలం వచ్చేసరికి నేను నెల తప్పాను.

పెరట్లో వాంతి చేసుకుంటుంటే అత్త వచ్చి వీపు నిమిరింది. నా నడుముకున్న ఇనుప గుత్తి తీసేసి, తన మెడలోని నల్లదారానికి ఉన్న బీరువా తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టింది.

"నోరెక్కువని మీ అమ్మ ముందే చెప్పింది బిడ్డా" అంది. "గా నోరు లేకుంటే నా కొడుకు ఉండకపోతుండె."

ఆమె బయటికి పోగానే బీరువా తెరిచాను. రెండు పట్టుచీరలు, నాఫ్తలీన్ ఉండలు తప్ప అందులో ఏమీ లేవు. అయినా ఆ రోజంతా ఆ తాళంచెవి నడుముకు దోపుకునే తిరిగాను.