మళ్లీ ఒకటో రోజు

అద్దాల కొట్టు నడిపే ఆయన్ని అందరూ గీత మేస్త్రీ అనేవారు. అద్దం కోసే వజ్రపు ములికితో ఒక్క గీత గీసి బల్ల అంచున నొక్కాడంటే, అద్దం నోరెత్తకుండా రెండయ్యేది. "ఇంట్లో వదిన వినకపోయినా ఇక్కడ అద్దం వింటుంది" అని కొట్లో పనిచేసే తమ్ముడు వేళాకోళమాడేవాడు.

అరవయ్యో ఏట గుండె అప్పుడప్పుడూ లయ తప్పుతోందని తేలింది. రక్తం గడ్డకట్టి మెదడుకు పోకుండా పలచబరిచే మాత్ర రోజూ వేసుకోమన్నారు. అద్దాల పనిలో గాట్లు మామూలే. కానీ మాత్ర మొదలయ్యాక గోరంత గాటుకూ అరగంట నెత్తురు కారేది. ఒకనాడు గాజు పెంకు మణికట్టు చీరింది. భార్య అదిమిన తువ్వాలు తడిసింది, రెండోదీ తడిసింది. ఆస్పత్రిలో తొమ్మిది కుట్లు పడ్డాయి.

గుండె డాక్టరమ్మ బాగా ఆలోచించి చేతికి ఒక గడియారం పెట్టించింది.

"మీకు లయ తప్పేది ఎప్పుడో ఒకసారి. గంటసేపు తప్పితే ఇది చెబుతుంది. అప్పుడు నెల రోజులు మాత్ర వేసుకోండి, అద్దాలు ముట్టకండి. చెప్పకపోతే మాత్ర వద్దు."

మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. అయిదు నెలలు గడియారం కిక్కురుమనలేదు. బడి కిటికీలకు నలభై అద్దాల పని ఒప్పుకున్నాడు. పదకొండోది కోస్తుండగా మణికట్టు దగ్గర బుయ్యిమంది.

"నాకేం తెలియట్లేదే! బాగానే ఉంది కదా!" అన్నాడు భార్యతో.

"మీకు తెలిస్తే ఇదెందుకండీ? వేసుకోండి" అని ఆవిడ నీళ్ల గ్లాసు అందించింది.

మిగతా అద్దాలు తమ్ముడు కోశాడు. ఆరు పగిలాయి. మేస్త్రీ గోడమీద క్యాలెండరులో రోజులు కొట్టేస్తూ కూర్చున్నాడు. ఇరవైతొమ్మిదో రోజు గడియారం మళ్లీ బుయ్యిమంది. మళ్లీ ఒకటో రోజు. ఈసారి లెక్క పదిహేడు దాకా వచ్చి ఆగింది. ఆ తరవాత తొమ్మిది. కాఫీ మానేశాడు, మెట్లెక్కడం మానేశాడు, తమ్ముణ్ణి కసురుకోవడం కూడా మానేశాడు. అయినా ఫలితం లేదు.

డాక్టరమ్మ గడియారంలోని లెక్కలన్నీ చూసింది. "ఇక ఆపి ఆపి వేసుకునే దశ దాటిపోయింది. రోజూ వేసుకోవాల్సిందే. అద్దాల జోలికి వెళ్లకండి."

"నేను చేసిన తప్పేంటమ్మా?"

"మీ తప్పేమీ లేదండీ."

ఆ మాటే ఆయన్ని కుంగదీసింది. తప్పంటూ ఉంటే దిద్దుకునేవాడు.

ఇప్పుడు కొట్లో కొలతలు రాసుకుంటాడు. మొన్న ఒకామె నిలువుటద్దం కోయించుకోవడానికి వచ్చింది. తమ్ముడి గీత చివర్లో వంకరపోతోంది. తెలియకుండానే మేస్త్రీ చెయ్యి ముందుకు వెళ్లింది.

"అన్నయ్యా, చెయ్యి తియ్యి" అన్నాడు తమ్ముడు మెల్లగా.

తీసి, రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. అద్దం అడ్డంగా పగిలింది. తమ్ముడు ఇంకో అద్దం తేవడానికి లోపలికి వెళ్లాడు.