నొప్పి లేదని నేను రాసిన నాలుగు రోజులు

పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా అమ్మాయి ఇంట్లో భోజనాలకు కూర్చున్నప్పుడు, ఈ దేశంలో వాడే వింత ఇంగ్లీషు మాటలు, వాటి అసలు అర్థాలు అంటూ మా మనవరాలు ఫోన్లో ఏదో జాబితా చదవడం మొదలుపెట్టింది. అందరితోపాటు నేనూ రెండు మూడింటికి నవ్వాను. గ్రాండ్ అంటే చాలా బాగుంది అని చదివేసరికి నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. అది తప్పు, కొట్టెయ్యమన్నాను.

"అమ్మా, నవ్వుకోడానికి పెట్టిందది. దానికి నువ్వు క్లాసు పీకుతావేంటి?" అంది మా అమ్మాయి.

"చిల్, అమ్మమ్మా. ఇట్స్ గ్రాండ్," అంది మనవరాలు.

సగం భోజనంలో లేచిపోయాను. వారం గడిచినా ఆ కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు. ఆ మాటకు ఆ అర్థమే నమ్మి నేను ఒక మనిషిని నడకకు దూరం చేశాను.

నాతోపాటు నర్సులుగా వచ్చినవాళ్లకు ఆ మొదటి రోజులు గుర్తుండే ఉంటాయి. గుంటూరులో పదకొండేళ్లు వార్డుల్లో చేసి, ఇక్కడి ములింగార్ ఊరి బయట ఒక వృద్ధుల నర్సింగ్‌హోమ్‌లో చేరాను. దుప్పట్లు ప్రెస్‌లో ఉన్నాయంటే ఇస్త్రీ గది కోసం వరండా అంతా వెతికిన మనిషిని. ప్రెస్ అంటే అల్మారా అని ఎవరూ చెప్పలేదు. గార్డులు వచ్చారంటే వాచ్‌మెన్లనుకున్నాను, చూస్తే పోలీసులు. అందుకే ఒక నోటుపుస్తకం పెట్టి, విన్న ప్రతి మాటా, విన్న తేదీ, అన్నవాళ్లు, అర్థం వరుసగా రాసుకున్నాను. ఆరు నెలల్లో నూట పద్నాలుగు మాటలయ్యాయి. గ్రాండ్ అందులో మూడోది, ఎదురుగా 'బాగుంది' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంటుంది.

ఆరో గదిలో ఎనభై ఒక్కేళ్ల రైతు ఉండేవాడు. ఊపిరితిత్తుల జబ్బు నుంచి కోలుకుని, ఒంట్లో బలం వచ్చేదాకా ఆరు వారాలు ఉండడానికి వచ్చాడు. మూడు వారాలు గడిచాయి, ఇంకో మూడు మిగిలాయి. ఆయన ఆవులు ఈనే సమయానికి ఇంటికి చేరాలని ఆయన పంతం, అందుకోసం పూటపూటా వరండాలో లెక్కపెట్టి మరీ నడిచేవాడు. మంగళవారం ఉదయం ఏడున్నరకు ఎలా ఉందని అడిగితే గ్రాండ్ అన్నాడు. నడుద్దామా అంటే రేపు అన్నాడు. బుధ, గురు, శుక్రవారాలూ అంతే. రోగి ఏం చెబితే అదే రాయాలని నాకు నేర్పారు, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా రాస్తానని నాకు పేరు కూడా. నాలుగు రోజులూ రిపోర్టులో 'గ్రాండ్ అన్నాడు, నొప్పి లేదు' అని రాశాను. గుంటూరులో సూది చూపిస్తేనే వార్డు లేచిపోయేలా అరిచేవాళ్ల మధ్య పనిచేసిన నాకు, అరవని మనిషికి నొప్పి ఉంటుందని తోచనే లేదు.

శనివారం ఉదయం, ఆ గది తుడిచే స్థానికురాలు నన్ను చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఏమ్మా నర్సమ్మా, ఆయన మూడు రోజులుగా టీ సగం వదిలేస్తున్నాడు, చూశావా?"

"గ్రాండ్ అంటున్నాడుగా," అన్నాను.

"మా నాన్న కాలు విరిగినా గ్రాండ్ అనే అన్నాడు. ఇంకేమంటారనుకున్నావు ఇక్కడి ముసలాళ్లు?"

దుప్పటి తీసి చూస్తే తుంటి వాచి, కాలు పక్కకు తిరిగిపోయి ఉంది. సోమవారం బాత్రూంలో జారిపడ్డాడట, గోడ పట్టుకుని తనే మంచం దాకా వచ్చాడట, ఆ తర్వాతా అలాగే వెళ్లొచ్చేవాడట. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని చెప్పలేదు అన్నాడు. వెంటనే చూసి ఉంటే చిన్న పగులుతో పోయేదని, ఈలోగా ఎముక పక్కకు జరిగిందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆయన మళ్లీ నడవలేదు. ఆవులను అమ్మేశారు, ఆరో గదే ఆయన ఇల్లయింది.

నొప్పి లేదని రాసింది నువ్వే కదా అని మా పైన ఉండే హెడ్ సిస్టరు నన్ను నలుగురిలో నిలదీసింది. రాశాను, కాదనను. కానీ ఆ నాలుగు రిపోర్టుల కిందా ఆమె సంతకం ఉంది. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి, ఆ మాట అలాంటి ముసలివాళ్ల నోట ఎందుకొస్తుందో పుట్టుకతో తెలిసిన మనిషి, చదవకుండా సంతకం పెట్టింది. ఆమె మీద కోపం ఇప్పటికీ పోలేదు, నా మీద అసలే పోలేదు. ఆయన కూతురు వచ్చి, నీకెలా తెలుస్తుంది పాపం, మా నాన్న అలాంటివాడే అని నా రెండు చేతులూ పట్టుకుంది. తిట్టి ఉంటే నిలబడగలిగేదాన్ని.

ఆ తర్వాత ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరినీ ఎలా ఉన్నారని అడిగి ఊరుకోలేదు. మన దగ్గర రోగి చెప్పిన నొప్పిని సగం చేసుకోవాలి, ఇక్కడ రెండింతలు చేసుకోవాలి. ఆ లెక్క నాకు ఆయన నేర్పాడు.

ఇప్పుడు మన పిల్లలు ఎందరో ఇక్కడే నర్సులుగా, ముసలివాళ్లను చూసుకునే కేరర్లుగా చేస్తున్నారు. నాకంటే తెలివైనవాళ్లు, సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతో అడగడం వాళ్లకు మొదటి వారంలోనే నేర్పుతారు. కానీ జవాబు వినేలోపే పక్క గదిలో గంట మోగుతుంది, చేతిలో ట్యాబ్ మీద ఏదో ఒక అంకె నొక్కేసి పరుగెత్తాలి. ఆ రోజుల్లో నాకు మంచం పక్కన కుర్చీ ఉండేది, ఒక్కొక్కరి దగ్గర పావుగంట కూర్చునే తీరిక ఉండేది. ఏం అడగాలో, ఏం చూడాలో తెలియక ఆ పావుగంట నేను పోగొట్టుకున్నాను. అన్నీ తెలిసిన ఈ పిల్లలకు ఆ కుర్చీ లేదు.