ఇంటిపేరు ముందా, వెనకా

గురువారం మధ్యాహ్నం రెండుంబావుకి మిల్లు ముందు లారీ దిగాం. 2012, జూన్. ఉత్తర ఇంగ్లండ్. సన్నటి వాన, అడ్డంగా కొట్టే గాలి. మొత్తం నలుగురం: సార్జెంట్, సిగ్నలర్, వంటవాడు, డ్రైవరుగా నేను. సామాను రెండు టెంట్లు, జనరేటర్, మైకు, నూట ఇరవై మడత కుర్చీలు. లీసెస్టర్‌లో మాస్టర్స్ చదివి, యుద్ధం చూద్దామని బ్రిటిష్ సైన్యంలో చేరినవాణ్ణి. నా చేతికొచ్చిన ఆయుధం మడత కుర్చీ. రెండు వేళ్ళు నలిగాయి. నా సర్వీసు మొత్తంలో నేను చూపించుకోగల గాయాలు అవే.

అది మూతబడ్డ నూలు మిల్లు. 1940 వేసవిలో, జర్మన్లు వచ్చిపడతారన్న భయంతో, ఇంగ్లండ్ తన గడ్డ మీదున్న జర్మన్, ఆస్ట్రియన్ మగవాళ్ళను పట్టి ఇలాంటి చోట్ల పెట్టింది. వాళ్ళలో ఎక్కువమంది హిట్లర్ నుంచి పారిపోయి వచ్చిన యూదులే. తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళకే శత్రువులని పేరు పెట్టారు. మర్నాడు పదకొండింటికి వాళ్ళ స్మారక సభ. పాత రిజిస్టరులోని పేర్లన్నీ సార్జెంట్ చదవాలి. ఆరు పేజీలు.

శుక్రవారం తొమ్మిదిన్నరకే ఒక పెద్దావిడ వచ్చింది. ఎనభై దాటిన మనిషి. నీలం కోటు.

"కూర్చోండి, ఆంటీ."

"ఈ యూనిఫారం వేసుకున్నవాళ్ళెవరూ నన్నింతవరకు ఆంటీ అనలేదు," అని నవ్వింది. "మా నాన్న ఈ క్యాంపులో ఉన్నాడు."

అక్కడే నోరు జారాను. మా నాన్నది ఇరిగేషన్‌లో ఉద్యోగం. మా ఇంట్లో క్యాంపు అంటే ఆఫీసు పని మీద ఊరెళ్ళడం, వచ్చేటప్పుడు పూతరేకుల పొట్లం తేవడం. అలవాటుగా అడిగేశాను.

"వచ్చేటప్పుడు మీకేం తెచ్చారు?"

ఆవిడ నా వంక చూసింది. "దగ్గు," అంది.

భూమిలోకి కుంగిపోతున్న నన్ను ఆవిడే పైకి లాగింది. "కంగారుపడకు. మాకెవరికీ పంచలేదు. అంతా తనే వాడుకున్నాడు."

అప్పుడామెకు తొమ్మిదేళ్ళట. పొద్దున్నే పోలీసులొచ్చి తండ్రిని తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక ఆయన ఈ ఊరి పేరు, 'మిల్లు' అన్న ఒక్క మాట తప్ప ఏమీ చెప్పలేదు. ఆయన పేరు ఎమిల్ కోన్రాడ్. కోన్రాడ్ ఇంటిపేరు. సభ జరిపే కమిటీకి ఆవిడ రెండుసార్లు రాసింది. ఆ పేరు రిజిస్టరులో లేదని రెండుసార్లూ జవాబొచ్చింది.

"ఆయన ఇక్కడున్నాడు, బాబూ. ఆ పేరు ఒక్కసారి ఇక్కడ వినాలి. వచ్చే ఏడు నేను రాగలనో లేదో."

సార్జెంట్‌ని అడిగాను.

"లిస్టులో లేని పేరు చదవకూడదు, సబ్. ఆర్డర్."

పదీ పది. మైకు పరీక్ష. సిగ్నలర్ గేటు దగ్గర వాకీటాకీతో, నేను వేదిక మీద లిస్టుతో. లిస్టులో ఇంటిపేరే ముందుంటుంది. ఇంగ్లీషు 'కె' కింద వెతికాను. లేడు.

"సబ్, ఏదో ఒకటి చదువు. ఓవర్."

సబ్ అంటే నేనే. పేరు తెచ్చుకుందామని సైన్యంలోకి వస్తే, ఉన్న పేరే తలకిందులైంది. ఫారంలో మన పద్ధతిలో మేకా సుబ్బారావు అని రాశాను. ఇంటిపేరు చివరే ఉంటుందనుకుని సుబ్బారావును నా ఇంటిపేరు చేసేశారు. కాగితాల మీద మేకా వారి వంశం నాతో సరి. నోరు తిరగక సుబ్బారావును కూడా సబ్ చేశారు. అంటే ఆటలో పన్నెండోవాడు.

అక్కడ చటుక్కున వెలిగింది. పేజీ వెనక్కి తిప్పి 'ఈ' కింద చూశాను. మూడో వరసలో ఉన్నాడు. ముందు ఎమిల్, వెనక కోన్రాడ్. నలభైలో టైపు కొట్టిన గుమస్తాకూ ఏది ముందో ఏది వెనకో తెలిసినట్టు లేదు.

"సబ్, నిద్రపోయావా? ఓవర్."

"దొరికాడు! ఓవర్."

"ఎవడు? ఓవర్."

సార్జెంట్ దగ్గరికి పరిగెత్తాను. "లిస్టులోనే ఉన్నాడు, సార్జెంట్. నాలాగే తిరగబడి ఉన్నాడు."

ఆయన కాగితం చూశాడు. నా చొక్కా మీది పేరు చూశాడు.

"అయితే నీ అసలు ఇంటిపేరు?"

"మేకా."

"నాలుగేళ్ళుగా చెప్పలేదేం?"

"మీరడగలేదు."

"పేర్లు నువ్వే చదువు. ఏది ముందో నీకే తెలుసు."

పదకొండింటికి మొదలుపెట్టాను. వాన ఆగలేదు. ఆ జర్మన్ పేర్లు నా నాలుక మీద నలిగిన మాట నిజం. ఎవరూ నవ్వలేదు, అది వాళ్ళ మంచితనం. 'కె' దగ్గరికి వచ్చాక, ఉండాల్సిన చోట, నిదానంగా చదివాను.

"ఎమిల్ కోన్రాడ్."

ముందు వరసలో ఆవిడ లేచింది.

"హియర్!"

ఇంగ్లీషులో పలికిందో జర్మన్‌లో పలికిందో తెలియదు. 'ఇక్కడ' అన్న మాట ఆ రెండింటిలోనూ ఒకేలా వినిపిస్తుంది.

మూడున్నరకి టెంట్లు విప్పి బయల్దేరాం. దారిలో సార్జెంట్, "హీటర్ వెయ్యి, మేకా," అన్నాడు.

సైన్యం వదిలి మిల్టన్ కీన్స్‌లో వ్యాన్ నడుపుకుంటున్నాను. "అంకుల్, మీరు వార్ చూశారా?" అని అడుగుతారు మనవాళ్ళ పిల్లలు. చూడలేదు. ఆ ఆరు పేజీలు నా చేతిలో పెట్టారు, నాకది చాలు. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ఆవిడే. తండ్రి పేరయ్యాక కూడా కూర్చోలేదు. ఇంకా మూడు పేజీలున్నాయి. మోచేతికి సంచీ, కోటు కుట్లకు ఆనించిన చేతులు, కళ్ళద్దాల మీద తుడుచుకోని వాన. తనకేమీ కాని మనుషుల పేర్లు ఒక్కొక్కటీ వింటూ, ఆఖరి పేరు దాకా అలాగే నిలబడింది.