ఎర్తు గుంటకు రెండో బిందె

నరసరావుపేట స్టేషనులో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. 1943 ఎండాకాలం. నేను, హవల్దారు, ఒక రేడియో సెట్టు, రెండు బ్యాటరీలు, వంద గజాల రాగితీగ. యుద్ధానికి పోతున్నానని ఇంటిల్లిపాదినీ ఏడిపించి బయల్దేరినవాణ్ని. తీరా చూస్తే డ్యూటీ కోటప్పకొండ కింద పడింది. మాచర్ల బండి ఎక్కితే పొద్దుగూకేలోపు మా ఇంట్లో ఉంటాను. ఆ సంగతి ఇంటికి రాయకూడదని హుకుం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పనల్లా సముద్రం అవతలి స్టేషన్లు వినడం, విన్నది పైకి పంపడం. బయట ఒక్క మాట జారినా కోర్టు మార్షల్.

హవల్దారుది బందరు. యుద్ధానికి ముందు సరదాకి ఇంట్లో కూర్చుని దూరదేశాల స్టేషన్లు పట్టేవాడట. కొత్త స్టేషను చిక్కిన రోజు ఏ కూరతో తిన్నాడో కూడా తెలిసేది కాదట. సందెవేళ దూరపు స్టేషన్లు మేలుకుంటాయని, ముల్లును గోటితో జరపాలని నేర్పింది ఆయనే. అయినా మొదటి వారం గరగర తప్ప ఏమీ రాలేదు. తప్పు సెట్టుది కాదు, నేలది. సెట్టు నుంచి ఒక తీగ భూమిలోకి దిగాలి, ఆ భూమి తడిగా ఉండాలి. పల్నాటి ఎండలో రాతినేలకు తడి ఎక్కడిది? ఆ తీగ కోసం ఎర్తు గుంట తవ్వి, ఇనపకడ్డీ పాతి, బొగ్గూ ఉప్పూ నింపాం. దానికి రోజూ ఒక బిందె నీళ్లు పోయాలి.

ఆ పనికి ఎల్లమంద నుంచి బీబమ్మ కుదిరింది. బావి మైలు దూరం. కొడుకు మస్తాను లారీ డ్రైవరు. పటాలంలో చేరి సింగపూరులో శత్రువులకు చిక్కాడు. ఏడాదిగా కబురు లేదు. శత్రువుల స్టేషను అప్పుడప్పుడు ఖైదీల పేర్లు చదువుతుందని ఆమె ఎక్కడో విన్నది. మమ్మల్ని మాత్రం ఒక్కనాడూ ఏమీ అడగలేదు. కూలి ఒక బిందెకే. రెండోది తనంతట తానే మోసుకొచ్చేది.

ఎందుకమ్మా ఈ కష్టం అన్నాను ఒకసారి.

"గుంట తడిగుంటే మీకు బాగా ఇనపడుద్దంట గద నాయనా" అంది.

నెల తిరిగాక ఒక సాయంత్రం సింగపూరు దొరికింది. గొంతు తేలుతోంది, మునుగుతోంది. హిందూస్తానీలో పేర్లు చదువుతున్నారు. "మస్తాన్. డ్రైవర్. గుంటూరు జిల్లా, ఎల్లమంద. క్షేమం." అంతే, మళ్లీ గరగర. బయట ఆమె బిందె వంచుతోంది. నేను ఒక్క ఉదుటున లేచాను. హవల్దారు భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

ఆయనే బయటికి వెళ్లాడు. చేతిలో మా రేషను పంచదార డబ్బా. ఆ రోజుల్లో పంచదార బంగారం. డబ్బా మొత్తం ఆమె కొంగులో బోర్లించాడు.

"నోరు తీపి చేసుకో, అమ్మా."

ఆమె ఆయన మొహం చూసింది, నా మొహం చూసింది. చిటికెడు నోట్లో వేసుకుని, తడి గుంట పక్కనే కూలబడి ఏడ్చింది. మాకూ కళ్లు ఆగలేదు. తలోపక్కకు తిరిగి నిలబడ్డాం. ఆ వారమంతా చప్పటి టీ. హవల్దారు సణగకుండా టీ తాగిన వారం అదొక్కటే.

మర్నాడు ఒక్క బిందెతో సరిపెడుతుందనుకున్నాను. రెండోదీ తెచ్చింది. ఇంకా ఎందుకన్నాను.

"నా నోరు తీపయింది. ఇంకా చానామంది తల్లులున్నారు గద నాయనా."

వానలు పడ్డాక పోస్టు ఎత్తేశారు. యుద్ధం ముగిశాక మాచర్ల వచ్చేశాను. హవల్దారు అంటించిన జబ్బు మాత్రం వదల్లేదు. సెట్టు కొన్నాను, పెరట్లో గుంట తవ్వాను. ఆ నీళ్లేవో మల్లెచెట్టుకు పోస్తే పూలైనా పూసేవి గదా అని మా ఆవిడ ఎద్దేవా చేస్తుంది. నేను పోస్తూనే ఉంటాను. పోసిన ప్రతిసారీ బీబమ్మే కనబడుతుంది. ఎవరి బిడ్డ కోసమో, రెండో బిందె పూర్తిగా వంచి, చివరి చుక్క కూడా జారేలా అడుగున అరచేత్తో తడుతూ.