సియోల్‌లో అత్తగారి ముద్ద

మా అత్తగారి సంవత్సరీకం రోజున నేను మా ఆవిడను కొరియాలో తిప్పాను. కావాలని కాదు. చవగ్గా విమానం టికెట్లు కనబడగానే తిథి చూడకుండా కొనేశాను. మా ఊరు క్లాంగ్‌లో అయితే ఆ రోజు ఆవిడకు ఇష్టమైనవి వండి, అరటాకులో పెట్టి గోడ మీద ఉంచుతాం. కాకి ముట్టాకే మా భోజనాలు.

మా ఆవిడ ఆ సంగతి గుర్తుచేసినప్పుడు, "కాకుల్లేని ఊరుంటదేటే? అక్కడే పెట్టేద్దాం లా" అన్నాను, మా ఊరి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

ఆమె వాదించలేదు. నేను గెలిచాననుకున్నాను.

పొద్దున్నే సియోల్‌లో పాత బజారుకు వెళ్లాం. పెనం మీద పెసరట్ల లాంటివి నూనెలో వేగుతున్నాయి. నా అడుగులు అటే పడ్డాయి. ఆమె చూసిన చూపుకు వెనక్కి తిరిగాయి. ఆమె వేడి అన్నం, అరటాకు బదులు ఒక పాలకూర కట్ట, పావుకిలో ఎండు నెత్తళ్లు కొంది.

"ఈ ఇకాన్ బిలిస్ నెత్తళ్ల కోసం ఇంత దూరం రావాలేటి? మన మార్కెట్లో కుప్పలే కదా" అని నవ్వాను.

"అమ్మకి" అంది.

పాతకాలం పెంకుటిళ్ల పేటలో తిరగడానికి అక్కడి సంప్రదాయ దుస్తులు అద్దెకిస్తారు. అవి నేను ముందే మాట్లాడి ఉంచాను. ఆమెకు గుమ్మటంలాంటి గులాబీ పావడా, నాకు నీలం అంగీ, గడ్డం కింద ముడేసే నల్లటి జల్లెడ టోపీ. ఆ వేషాల్లో, ఖాళీ కడుపులతో, ఆకాశం చూసుకుంటూ సందులన్నీ తిరిగాం. క్లాంగ్‌లో నా కారును ఒక్కరోజు శుభ్రంగా ఉండనివ్వని కాకి జాతి అక్కడ ఒక్కటి లేదు.

చివరికి ఒక ఇంటి పొట్టి గోడ మీద ఆమె పాలకూర ఆకు పరిచి, నెత్తళ్లు కలిపిన అన్నం ముద్ద పెట్టింది. నేను చేతులు నోటి చుట్టూ పెట్టి "కా! కా!" అని అరిచాను. పక్కనే గోడకు, నిశ్శబ్దం పాటించమని పెదవుల మీద వేలు పెట్టుకున్న బొమ్మ ఉంది. యాత్రికులు నన్ను వీడియో తీశారు. నేను ఇంకా గట్టిగా అరిచాను.

ఆ ఇంటి ముసలమ్మ బయటికొచ్చింది. బొమ్మను చూపించింది. నేను ఆకును, ఆకాశాన్ని చూపించి అంగీ వెడల్పాటి చేతులు రెక్కల్లా ఆడించాను. ముసలమ్మ ఆకు వైపు చాలాసేపు చూసి, అరుగు మీద కూర్చుంది.

అప్పుడు పెంకుల మీద ఒక పక్షి వాలింది. నల్లటి ఒళ్లు, తెల్లటి పొట్ట, పొడవాటి తోక. ముద్దను చూసింది, నన్ను చూసింది. దిగలేదు.

"మావా, నువ్వు కాసేపు అటు పో" అంది మా ఆవిడ.

"ఏటి, నన్ను సూసి బయమా దానికి?"

"అమ్మ నీ ముందు ఎప్పుడైనా తిన్నాదేటి?"

నిజమే, తినలేదు. అల్లుడి ముందు తినకపోవడం పాతకాలపు మర్యాద అని నేను నలుగురికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. అత్తగారు మా ఇంటికి వచ్చిన కొత్తలో ఒకసారి నెత్తళ్లు వేయిస్తుంటే, ఇల్లంతా కంపు అన్నాను. ఆ తర్వాత ఆవిడ తన కంచం వెనక బట్టలుతికే చోటికి తీసుకెళ్లి తినేది. అంతకు ముందు మాతోపాటే బల్ల దగ్గర కూర్చునేదన్న సంగతి ఆ సందులో గుర్తొచ్చింది.

నేను మలుపు తిరిగి గోడ వెనక చతికిలబడ్డాను.

"టోపీ కనబడతంది!" అని మా ఆవిడ గుసగుసగా కసిరింది. ముడి విప్పి ఒళ్లో పెట్టుకున్నాను.

పెంకుల మీద గోళ్ల చప్పుడు. తర్వాత ఏమీ వినబడలేదు.

"తిన్నాదా?"

"మాటాడకు. నెత్తళ్లే ఏరుకుని తింటన్నాది."

అది కాకి కాదు కదే, అనబోయాను. నోరు మూసుకున్నాను. చీమలు అద్దె అంగీలోకి ఎక్కుతున్నాయి. కడుపు నకనకలాడుతోంది.

కాసేపటికి, "ఇంక రా మావా" అంది.

"అన్నీ అయిపోనాయా?"

"ఇంకా రెండున్నాయి."

"అవి కూడా తిననీ" అన్నాను.