బావ దిగే రోజున లేవని ఫోను

అక్క ఫోను చెడగొట్టింది నేనే. బావ దుబాయి నుంచి దిగే రోజే చెడగొట్టాను.

అక్క కడుపుతో ఉన్నప్పుడు అక్కడికి వెళ్ళిన మనిషి, ఆ సాయంత్రం నాలుగింటికి శంషాబాద్‌లో విమానం దిగుతున్నాడు. బిడ్డ బోర్లపడ్డది, పాకింది, మొదటి అడుగు వేసింది అన్నీ అక్క ఆ ఫోనులోనే వీడియోలు తీసి దాచింది. మా ఊరు పాల్మాకులలోని నెట్‌కు ఒక్క వీడియో కూడా అవతలికి పోయేది కాదు. "ఆయన రాంగనే, కారుల కూసోంగనే చూపిస్త" అని నెల రోజులుగా అదే మాట.

నాకేమో డిగ్రీలో కంప్యూటర్లు చదువుతున్నానన్న పొగరు. పొద్దున కొత్త అప్‌డేట్ కనపడగానే, అక్కను అడక్కుండా నొక్కేశాను. బ్యాటరీ అడుగంటింది, చార్జర్ పెట్టి ఉందిలే అనుకున్నాను. మా ఇంట్లో సరిగ్గా పనిచేసే ప్లగ్గు ఒక్కటే. కరెంటు పోయేలోగా అల్లుడి నాటుకోడికి మసాలా నూరుకోవాలని అమ్మ చార్జర్ పీకేసి మిక్సీ పెట్టింది. నేను వచ్చేసరికి ఫోను ఆరిపోయి ఉంది. మళ్ళీ చార్జింగ్ ఎక్కిస్తే కంపెనీ బొమ్మ దాకా వచ్చి ఆరిపోతుంది, మళ్ళీ అదే బొమ్మ.

తలకు పోసుకుంటున్న అక్కకు ఏమీ చెప్పకుండా ఆటో ఎక్కాను.

శంషాబాద్ బస్టాండ్ దగ్గరి మొబైల్ షాపు నడిపే అన్న, ఫోను తిప్పి చూశాడు. "అంత తుడిచేస్తే లేస్తది. లోపలియన్ని పోతయి" అన్నాడు.

"వద్దన్నా. ఇంకేమన్న ఉంటే చూడు."

"కేబుల్ పెట్టి అప్‌డేట్ ఫైలు ఎక్కియ్యాలె. లేస్తే లేస్తది, లేకపోతే గంతే. బటన్ మాత్రం నువ్వే నొక్కు. రేపు పోయినయని నా మీదికి రావద్దు."

ఆ అన్న పద్ధతే అంత. డాటా పోయే పని ఏదైనా ఫోను తెచ్చిన మనిషి వేలితోనే చేయిస్తాడు. ఫోను తెర మీద వరసగా లైన్లు వచ్చాయి. కేబుల్‌తో ఎక్కించే లైను కిందే, డాటా మొత్తం తుడిచే లైను. వాల్యూమ్ బటన్‌తో ఒక్కొక్కటే దిగాలి. చెమట పట్టిన వేలు ఒక్క అడుగు జారితే బిడ్డ నడక మాయం. ఊపిరి బిగబట్టి నొక్కాను.

కంప్యూటర్‌లో అంకె కదిలింది. కేబుల్ వదులుగా ఉందని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. "పదకొండింటికి కరెంటు పోతది, ఇన్వర్టర్ లేదు" అని షాపు అన్న అప్పుడు చెప్పాడు. గోడ గడియారంలో ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. అంకె డెబ్భై దగ్గర చాలాసేపు నిలబడింది. నేను మొక్కని దేవుడు లేడు.

నూరు అని చూపించిన కాసేపటికే ఫ్యాను ఆగింది, కంప్యూటర్ చచ్చింది. ఫోను మాత్రం వెలుగుతూనే ఉంది. "ఇగ ముట్టకు" అన్నాడు అన్న. ఆ చీకటి షాపులో ఎంతసేపు అలా చూస్తూ ఉన్నానో తెలియదు. చివరికి బొమ్మ పోయి, తెర మీద బిడ్డ ఫొటో వచ్చింది. వీడియోలన్నీ ఉన్నాయి. అయినా ఫోనును జేబులో పెట్టకుండా చేతిలోనే పట్టుకుని ఇంటికి వెళ్ళాను.

ఎయిర్‌పోర్టులో బావ ట్రాలీ తోసుకుంటూ బయటికి వచ్చి, బిడ్డ కోసం చేతులు చాపాడు. బిడ్డ అక్క మెడలో ముఖం దాచుకుంది.

"నాన్న ఏడే? నాన్నను చూపియ్యి" అంది అక్క, బుజ్జగిస్తూ.

బిడ్డ తల తిప్పి, నా చేతిలో ఉన్న ఫోనును వేలితో చూపించింది. దానికి తెలిసిన నాన్న అందులోంచి శుక్రవారం శుక్రవారం మాట్లాడే గొంతే. బావ చాపిన చేతులు దించుకున్నాడు. నా దగ్గర ఫోను తీసుకుని చెవికి పెట్టుకుని, "బిడ్డా, నేనే" అన్నాడు.

ఆ గొంతుకు బిడ్డ అతని ముఖం వైపు చూసింది. పొద్దున నా వేలు ఒక్క లైను కిందికి జారి ఉంటే బావ చూడని ఆ మొదటి అడుగు కూడా మిగిలేది కాదని, అక్కడ అందరి మధ్యా నాకు ఏడుపు ఆగలేదు.