ప్రతాపన్న బిగించిన గార్డు

కంబదూరులో ఓళిగలు, అంటే బొబ్బట్లు, ఎక్కడ దొరుకుతాయని అడిగితే ఎవరైనా ఈశ్వరి ఇంటికే దారి చూపిస్తారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మూడు పెనాలు, శనగబేడలు ఉడికించే పెద్ద డేగిశా, సాయానికి ఇద్దరు ఆడవాళ్లు. ఆమె చేతిలో ఓళిగ పలచగా, నోట్లో వేసుకుంటే కరిగిపోయేలా వస్తుందని కళ్యాణదుర్గం దాకా పేరు. అయితే ఆ పేరును ఊరు దాటించింది మాత్రం ఆమె మొగుడు తిప్పేష్ నోరే. ఆర్డర్లన్నీ అతని ఫోనుకే వచ్చేవి. "అన్నా, మా ఓళిగలు ఒక్క పంక్తి వడ్డించి చూడు, నీ వియ్యంకులు చేతులు కడుక్కోకుండానే సంబంధం బాగుందంటారు" అని నవ్వించి, బేరం ఆడడానికి ఫోను చేసినవాళ్ల చేత ఇంకో వంద ఓళిగలు ఎక్కువ చెప్పించేవాడు.

ఆర్డర్లు పెరిగాక ఆటోలతో ఇబ్బంది మొదలైంది. గుంతల రోడ్డులో గంపలు ఎగిరెగిరి పడి, కింది వరుస ఓళిగలు ముద్దయ్యేవి. సొంత బండి ఉంటే బాగుండునని ఇద్దరికీ ఉండేది. కానీ బైకు మీద నుంచి పడ్డప్పటి నుంచి తిప్పేష్ ఎడమ కాలితో గట్టిగా తొక్కలేడు. అందుకని ఈశ్వరే కళ్యాణదుర్గం వెళ్లి డ్రైవింగు నేర్చుకుంది. అత్త తిరుపాలమ్మకు ఇది గిట్టలేదు. "మొగోడు పక్కన కూసోని ఆడది తోలేదేందిమ్మే, ఊరు నవ్వదా?" అంది. ఊరు నవ్వింది కూడా. ఈశ్వరి లైసెన్సు తెచ్చుకున్నాక ఊరు కొంచెం కొంచెంగా నవ్వడం మానేసింది.

చివరికి అనంతపురంలో ఒక చిన్న కారు కొన్నారు. వెండి రంగుది. వెనక సీటు మడిస్తే నాలుగు గంపలు పడతాయి. షోరూములో పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, ఈశ్వరి బండిని నేరుగా తోలుకుపోయింది బైపాసు దగ్గర ప్రతాప్ పెట్టుకున్న కార్ల సామాన్ల అంగడికి.

ప్రతాప్ ఆమె పుట్టింటి పక్కింటివాడు. ఈశ్వరికి అన్నదమ్ములు లేరు. ప్రతాప్‌కు చిన్నప్పుడే తల్లి పోయింది. అతనికి తలంటు పోసినా, జ్వరమొస్తే కషాయం తాగించినా ఈశ్వరి వాళ్లమ్మే. ఈశ్వరికి సైకిలు నేర్పింది అతను. ఆమె పెళ్లిలో అన్న చేయాల్సినవన్నీ చేసిందీ అతనే. తర్వాత అనంతపురం వెళ్లి, ఒక అంగడిలో సీటు కవర్లు కుట్టే పనికి కుదిరి, ఏళ్ల మీద తనే ఒక అంగడి పెట్టాడు. కంబదూరు మండలంలో ఎవరు కొత్త కారు కొన్నా మొదటి మజిలీ ప్రతాప్ అంగడే.

ఆ రోజు అతను గల్లాపెట్టె వదిలేసి ఎదురొచ్చాడు. "నా చెల్లెలు కారు తోలుకోని నా అంగడికి వచ్చింది చూడండప్పా!" అని పనివాళ్లందరినీ పిలిచాడు. తిప్పేష్‌ను బావా అని కావలించుకున్నాడు. టీ తాగేలోపు బండి నాలుగు తలుపులూ తెరుచుకున్నాయి. కాళ్ల కింద మ్యాట్లు వచ్చాయి. మందమైన కాఫీరంగు సీటు కవర్లు తొడిగారు. స్టీరింగుకు తొడుగు, అద్దాల పైన వాన పడకుండా రేకులు, వెనక్కి తీసేటప్పుడు చూసుకోవడానికి కెమెరా, ఫోను పెట్టుకునే స్టాండు, చిన్న సెంటు సీసా. తిప్పేష్ చిన్నపిల్లాడిలా చుట్టూ తిరిగి ఒక్కోదాన్నీ తడిమి చూశాడు.

అప్పుడు ఇద్దరు పనివాళ్లు లోపల నుంచి మెరిసే ఇనప చట్రం ఒకటి మోసుకొచ్చారు. కారు మూతికి అడ్డంగా బిగించే గార్డు.

ఈశ్వరి లేచి నిలబడింది. "అన్నా, ఇది వద్దని షోరూములో ఒకాయన చెప్పినాడు. దీన్ని బిగిస్తే గుద్దుకున్నప్పుడు లోపల ఎయిర్‌బ్యాగు బెలూన్లు సరిగ్గా తెరుచుకోవంట. నిజమేనా?"

ప్రతాప్ నవ్వాడు. "వాళ్లు అట్లనే చెప్తారు చెల్లీ. బయట సామాను కొంటే వాళ్లకేం మిగులుతాది? మన రోడ్లు వాళ్లకి తెలుసా? ఎనుములు, గొర్రెలు, కడ్డీలేసుకోని పోయే ట్రాక్టర్లు. ఇది లేకుంటే నీ బంపరు అప్పడం మాదిరి పగిలిపోతాది. నేను నీకు చెడుపు చేస్తానా?"

ఆ చివరి మాటతో ఆమె పక్కకు జరిగి పనివాళ్లకు దారిచ్చింది. సిగ్గేసింది కూడా, ఎవరో దారినపోయే మనిషి మాట పట్టుకుని అన్నను అడిగానే అని. గార్డు బిగించారు.

బయల్దేరబోతుంటే బండి కుయ్ కుయ్ మని మొత్తుకోవడం మొదలుపెట్టింది. తిప్పేష్ బెల్టు పెట్టుకోలేదు. ఇస్త్రీ చొక్కా నలుగుతుందని అతనికి బెల్టంటే చిరాకు. ప్రతాప్ సొరుగులోంచి నాణెమంత ఇనప బిళ్ల తీసి, బెల్టు పెట్టుకునే సందులో టక్కున దూర్చాడు. బండి నోరు మూసుకుంది. "ఇది నా కానుక బావా" అన్నాడు. అందరూ నవ్వారు. ఈశ్వరి కూడా.

ఆ ఏడాది పెళ్లిళ్ల కాలంలో కారు బాగా తిరిగింది. ఊర్లలో పిల్లలు "ఓళిగల కారొచ్చె" అని వెంటపడేవాళ్లు. ప్రమాదం జరిగింది ఒక మధ్యాహ్నం. శింగనమలలో పెళ్లికి సరుకు దించి, గంపలు ఖాళీ చేసుకుని తిరిగొస్తున్నారు. తిప్పేష్ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ముందు ఒక ట్రాక్టరు పోతోంది. రోడ్డు పక్క కంపల్లోంచి ఉన్నట్టుండి గొర్రెల మంద అడ్డమొచ్చింది. ట్రాక్టరు ఆగిపోయింది. ఈశ్వరి బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. అయినా బండి జారుకుంటూ పోయి ట్రాలీ వెనక భాగానికి తగిలింది.

ఈశ్వరిని బెల్టు పట్టి ఆపింది. భుజం మీద నల్లగా కమిలింది, అంతే. తిప్పేష్ ముఖం ముందున్న డాష్‌బోర్డుకు కొట్టుకుంది. ఆమె పక్కకు తిరిగేసరికి అతను రెండు చేతుల్తో నోరు పట్టుకుని ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది. బెలూన్లు తెరుచుకోలేదు. ఆ క్షణాన ఆమెకు ఆ సంగతి తోచనే లేదు.

అనంతపురం ఆస్పత్రిలో దవడ విరిగిందన్నారు. తీగలు కట్టి నోరు మూసేశారు. వార్డు బయట తిరుపాలమ్మ గుండెలు బాదుకుంటోంది. కంబదూరు నుంచి చుట్టాలు దిగారు. ప్రతాప్ అందరికంటే ముందొచ్చాడు. రక్తం కావాలంటే మనుషుల్ని తెచ్చాడు, డాక్టర్లతో మాట్లాడాడు, తిరుపాలమ్మకు టిఫిను తినిపించాడు. ఎలా జరిగిందని ఒక పెద్దాయన అడిగితే, అందరూ వింటుండగానే నెమ్మదిగా అన్నాడు. "ఏం చెప్పేది చిన్నాయనా. నా చెల్లెలే, అయినా చెప్పక తప్పదు. చెయ్యి ఇంకా కుదురుకోలేదు. పెద్ద రోడ్డు మీద ఆడోళ్లకి బెదురుంటాది. ముందు బండికి అంత దగ్గరగా పోకూడదు."

ఈశ్వరి తల దించుకుంది. దగ్గరగా పోయిన మాట నిజమేనని ఆమెకే అనిపించింది. అన్న అంతమందిలో అన్నాడంటే లోపల ఎంత బాధపడి ఉంటాడో అనుకుంది. ఆస్పత్రి బయటికి వచ్చాక అతను ఆమెను పక్కకు పిలిచి, "బండి దగ్గరికి పోయి గార్డు, ఆ బెల్టు క్లిప్పు తీయించేసినా. ఇన్సూరెన్సోళ్లు చూస్తే పేచీ పెడతారు. నువ్వేం దిగులు పడాకు, అంతా నేను చూసుకుంటా" అన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నువ్వు లేకుంటే నేనేమైపోదునన్నా అంది.

తీగలు విప్పాక తిప్పేష్ నోరు ఒక పక్కకు వంకర తిరిగిపోయింది. మాట ముద్దగా వచ్చేది. ఎదురుగా ఉంటే అర్థం చేసుకోవచ్చు. ఫోనులో మాత్రం అవతలివాళ్లు "ఆఁ? ఏమప్పా?" అని రెండుసార్లు అడిగి పెట్టేసేవాళ్లు. కొన్నాళ్లకు అతను ఫోను తెచ్చి పెనాల దగ్గర పెట్టేశాడు. నవ్వించి ఆర్డరు తెచ్చే విద్య ఈశ్వరికి లేదు. ధర చెప్పి ఊరుకునేది. షెడ్డులో ఒక పెనం కింద పొయ్యి ఆరిపోయింది. తిరుపాలమ్మ కోడలితో పొడిమాటలు తప్ప మాట్లాడడం మానేసింది. నీళ్ల కొళాయి దగ్గర ఆడవాళ్లు ఈమె రాగానే మాట మార్చేవాళ్లు. ఈశ్వరి ఎవరికీ ఎదురు చెప్పలేదు. మొగుడి నోరు తనే పోగొట్టిందని ఆమె కూడా నమ్మింది. బాగుచేయించిన బండిని తోలేటప్పుడు, ముందు ఏ బండి కనిపించినా అది దూరంగా ఉండగానే కాలు బ్రేకు మీదికి పోయేది. తోలకపోతే పొయ్యి వెలగదు కాబట్టి తోలింది.

మరుసటి చలికాలంలో ప్రతాప్ తన ఇంటిపై ఇంకో అంతస్తు కట్టి పాలు పొంగించాడు. ఓళిగలు చెల్లెలివే కావాలన్నాడు. ఈశ్వరి తెల్లవారే గంపలు దించింది. భోజనాలకు అరిటాకులు తక్కువొచ్చాయని ప్రతాప్ కూతురు గౌతమి, డిగ్రీ చదువుతున్న పిల్ల, "అత్తా, నా బండ్లో పోయి తెద్దాం రా" అని లాక్కుపోయింది.

వాకిట్లో ఉన్నది ఈశ్వరి కారులాంటిదే. రంగు తెలుపు. ఆమె పక్క సీట్లో కూర్చోగానే బండి కుయ్ కుయ్ మంది.

"బెల్టు పెట్టుకో అత్తా. పెట్టుకోకుంటే నాయన బండి తీయనియ్యడు."

"మీ అంగట్లో క్లిప్పులుండాయి కదమ్మా, అది పెడితే అరవదు" అంది ఈశ్వరి, మాటవరసకు.

"అయ్యో, అది పెడితే నాయన నన్ను చంపేస్తాడు!" గౌతమి నవ్వింది. "గార్డు కూడా అంతే. నా ఫ్రెండ్స్ బండ్లకి ఉండాదని నేనూ అడిగినా. అది అంగడికొచ్చేటోళ్లకి, మనకొద్దు అన్నాడు. గుద్దుకున్నప్పుడు బెలూన్లు తెరుచుకోవాలంటే ముందర ఏమీ ఉండకూడదంట. సీటు కవర్లు కూడా చూడు, పక్క బెలూన్లు బయటికి రావాలని పక్కల్లో తెరిచి కుట్టించినాడు."

ఈశ్వరి సీటు పక్కకు చూసింది. కాఫీరంగు గుడ్డ అక్కడ తెరిచి ఉంది. తన బండిలో అదే చోట మూసి కుట్టేశారు.

"ఎప్పుడు చెప్పినాడమ్మా ఇదంతా?"

"బండి కొన్నప్పుడే. మీ కారుకంటే నాదే ముందు కదా అత్తా."

ఆకులు కొన్నారు. తిరిగొచ్చారు. ఈశ్వరి పంక్తి మొత్తానికి ఓళిగలు, నెయ్యి వడ్డించింది. చేతులు వాటంతటవే పని చేశాయి. వడ్డన అయ్యాక, కొత్త అంతస్తు మెట్ల మీద ప్రతాప్ ఒంటరిగా దొరికాడు.

"అన్నా, పాప బండికి గార్డు ఎందుకు లేదు?"

"అది టౌన్లో తిరిగే బండి కదా చెల్లీ."

"బెలూన్లు తెరుచుకోవని నీకు ముందే తెలుసు."

ప్రతాప్ ముఖం మీది నవ్వు మెల్లగా దిగిపోయింది. "ప్రతి బండికీ అట్లే అవుతాదని యాడుండాది? ఎన్ని బండ్లకి బిగించినా నేను. అందరూ బాగానే తిరుగుతాండారు."

"పాప బండికి బిగించలేదు."

"అది మా పాప తోలే బండి ఈశ్వరీ!"

ఆ మాట బయటపడ్డాక అతనే కళ్లు పక్కకు తిప్పుకున్నాడు. కింద ఎవరో పిల్లలు అరుస్తూ పరుగెత్తుతున్నారు.

"అంగడి పెట్టుకున్నాక అమ్మకుండా ఎట్లా చెప్పు" అన్నాడు చివరికి. "నువ్వు గట్టిగా వద్దనుంటే నేను బిగించేటోన్నా?"

"నేనడిగినా. నిజమేనా అన్నా అని నీ ముఖం చూసి అడిగినా. నీకు చెడుపు చేస్తానా అన్నావు." ఆమె గొంతు లేవలేదు. "సరే, అది వ్యాపారం అనుకుంటా. ఆస్పత్రిలో అంతమంది ముందర నా చెయ్యి కుదరలేదన్నావే, అది కూడా వ్యాపారమేనా? గార్డు ఊడబీకింది నా కోసమా, నీ కోసమా?"

"మెల్లిగా. సుట్టాలుండారు" అన్నాడు ప్రతాప్.

క్షమించమని అనలేదు, కాదని కూడా అనలేదు. ఈశ్వరి ఖాళీ గంపలు సర్దుకుని, ఆకు ముందు కూర్చోకుండానే వెళ్లిపోయింది. ఊరు దాటాక బండి పక్కకు ఆపింది. అతని చెయ్యి పట్టుకుని ఏడ్చిన ఆ రోజు గుర్తొచ్చి, కొంగుతో చేతులు గట్టిగా తుడుచుకుంది. ఇన్నాళ్లు మోసిన తప్పులో తన భాగమెంతో, అతనిదెంతో లెక్క తేలలేదు. ట్రాక్టరుకు దగ్గరగా పోయింది తనే. కానీ ఆ మాట చెప్పడానికి ఈ లోకంలో అర్హత లేనివాడు ఒక్కడుంటే, అతనే ముందుపడి చెప్పాడు.

ఇంటికొచ్చి తిప్పేష్‌కు చెప్పింది. అతను వంకర తిరిగిన నోటిని తడుముకున్నాడు. తర్వాత ముద్దమాటలతో అన్నాడు. "బెల్టు పెట్టుకోనిది నేను కదా." ఇంకాసేపటికి, "కానీ బావా అన్నాడే నన్ను" అన్నాడు. తిరుపాలమ్మ అంతా విని, "ఎవురు ఏం బిగించినా, తోలింది నువ్వు" అని లోపలికి పోయింది.

ఎండాకాలంలో వీధి చివరి చౌడప్ప కొడుకు అభిలాష్ కొత్త కారు కొన్నాడు. ప్రతాప్ అంగడికి పోతున్నానన్నప్పుడు ఈశ్వరి పని వదిలేసి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను ఓపిగ్గా విన్నాడు. "ప్రతాపన్న అట్లాంటోడు కాదక్కా. నీకు ఆస్పత్రిలో ఎంత చేసినాడు!" అన్నాడు. ఆ సాయంత్రం అతని కారు మెరిసే గార్డుతో వీధిలోకి వచ్చింది. తిరుపాలమ్మ కూడా హారతి చూడడానికి వెళ్లింది.

ఆ తర్వాత ఒక పెద్దకర్మకు ప్రతాప్ కంబదూరు వచ్చాడు. పందిట్లో పదిమంది మధ్య నుంచి, ఎప్పటిలాగే, "చెల్లీ, బాగుండావా?" అని గట్టిగా పలకరించాడు. ఈశ్వరి వినపడనట్టు అతని ముందు నుంచే నడిచిపోయింది. వెనక ఒక ఆడమనిషి అంటోంది, "చూసినావా? వాళ్లమ్మ పోసిన గంజి తాగి పెరిగిన అన్న, పలకరిస్తే పలకదు. కారొచ్చినాక దానికి కండ్లు నెత్తికెక్కినాయి."

ఈశ్వరి ఆగలేదు. ఆగి చెప్పినా ఎవరు నమ్ముతారో ఆమెకు అప్పటికే తెలుసు. మర్నాటి పెళ్లికి బేడలు నానబెట్టాలి. నేరుగా షెడ్డులోకి పోయింది.